గుర్రం దూకని గడి

మందుల గది బయట బల్ల మీద కూర్చున్న రోగులు గొణగడం మొదలుపెట్టారు.

"డాక్టరుబాబు ఇవాళ చూడరా అమ్మా? పిల్లకి ఒకటే దగ్గు."

సుప్రభ తలుపు వైపు చూసింది. లోపల గడియ వేసి ఉంది. "ఆయనకి ఒంట్లో బాగాలేదు. రేపు రండి," అంది.

బల్ల చివర కూర్చున్న ముసలాయన మంకీ టోపీ చెవుల మీదికి లాక్కున్నాడు. "డాక్టరుకే బాగాలేదా? మాకిచ్చే ఆ తియ్యటి గుళికలే నాలుగు నోట్లో వేసుకోమనండి."

నలుగురూ నవ్వారు. సుప్రభ నవ్వలేదు. వాళ్ళు లేచి వెళ్ళేదాకా గుమ్మం పట్టుకుని నిలబడి, వెళ్ళాక తలుపు మీద వేళ్ళతో తట్టింది.

"ఏమండీ. టీ చల్లారిపోయింది. మళ్ళీ పెట్టనా?"

లోపలి నుంచి చెక్క మీద చెక్క ఆనిన చిన్న చప్పుడు వినిపించింది. మళ్ళీ అదే చప్పుడు.

మొన్న ఆదివారం ఇదే ఇంటి ముందు డప్పు మోగింది. శ్రీరాంపూర్ వీధి వీధంతా కదిలి వచ్చింది. అరవయ్యో ఏట పడ్డ హోమియో డాక్టరు అనాదినాథ్ కుండూ, జిల్లాలో ఎదురులేని కుర్రాడు ఉత్పల్ మీద గెలిచి, గంగాతీర క్లబ్బుల చదరంగం పోటీ కప్పు ఇంటికి తెచ్చాడని. ఓడిపోయిన ఉత్పల్ కూడా ఆ గుంపులోనే నడిచాడు. కాబోయే మామగారి కప్పు తనే మోశాడు. అందరూ అతన్ని మెచ్చుకున్నారు. ఓడినా ముఖం మాడ్చుకోలేదని.

ఇప్పుడా కప్పు మందుల బీరువా మీద బోర్లించి ఉంది.

కూతురు కేతకి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పొద్దుటి డ్యూటీ ముగించుకుని వచ్చేసరికి తల్లి వంటింట్లో వంకాయ ముక్కలు వేయిస్తోంది. ముక్కలు ఒకవైపు మాడిపోయాయి.

"బాబా ఇంకా తలుపు తియ్యలేదా?" అని తండ్రి గురించి అడిగింది.

"లేదు."

"నిన్న రాత్రీ ఏమీ తినలేదు. ఇవాళా తినలేదు. అసలేమైందో నువ్వైనా చెప్పవేం? నిమాయ్ కాకా ఏమన్నారు?"

"ఏమో. ఆటేదో చూపించమన్నాడు. ఈయన చూపించారు. అంతే."

"అంతేనా? అంతదానికి అన్నం మానేస్తారా?"

సుప్రభ గరిటె పక్కన పెట్టింది. "ఏదో గుర్రమట," అంది. "నాకేం తెలుసు."

ఆ మాట అంటూ కూతురి కళ్ళలోకి చూడలేదు. కేతకికి అది వింతగా తోచింది. అమ్మ ఎవరి కళ్ళలోకైనా సూటిగా చూసే మనిషి.

నిన్న సాయంత్రం క్లబ్బు కార్యదర్శి నిమాయ్ సాధుఖాన్ సందేశ్ మిఠాయి తినిపొమ్మంటే వచ్చాడు. తింటూ, "ఆ ఆఖరి ఆట ఒకసారి వేసి చూపించవోయ్, తలుచుకుంటేనే కడుపు నిండుతోంది," అన్నాడు. అనాదినాథ్ సంబరంగా చదరంగం పలక దింపి, మొదటి ఎత్తు నుంచి జ్ఞాపకం మీదే ఆడి చూపించాడు. సగం ఆట దాటాక నిమాయ్ వేలు ఒక గడి మీద ఆగిపోయింది.

"ఆగు. ఇక్కడ కుర్రాడి గుర్రం ఇటు దూకితే నీ రాజుకి చెక్కు. రాజు తప్పుకోగానే నీ మంత్రి పోతుంది."

అనాదినాథ్ చూశాడు. చూస్తూనే ఉండిపోయాడు.

"మరి వాడేం ఆడాడు?" అని అడిగాడు నిమాయ్.

"ఓ మూలనున్న బంటుని ఒక గడి జరిపాడు."

నిమాయ్ కొరికిన సందేశ్ ముక్క పళ్ళెంలో పెట్టేశాడు. ఆట నేర్చుకుని నెల తిరగని పిల్లలు కూడా ముందు వెతికేది ఆ గుర్రం దూకుడే. "ఒక్కోసారి అలా జరుగుతుందిలే. నువ్వూ చూడలేదుగా," అన్నాడు.

"నేను చూడలేదు. అది వేరే సంగతి," అన్నాడు అనాదినాథ్. ఆ తర్వాత నిమాయ్‌తో మాట్లాడలేదు. ఎవరితోనూ మాట్లాడలేదు.

కేతకి బట్టలైనా మార్చుకోక ముందే మందుల గది గడియ తీసిన చప్పుడైంది. గడ్డం మాసి, శాలువా ఒక భుజం మీంచి జారిపోయి, తండ్రి గుమ్మంలో నిలబడ్డాడు.

"కేతూ, ఉత్పల్‌ని రమ్మను."

"ముందు రెండు ముద్దలు తిను బాబా."

"రమ్మను," అన్నాడు. మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు.

*

మధ్యాహ్నం ట్యూషన్ల మధ్యలో ఉత్పల్ సైకిల్ మీద వచ్చాడు. వేళ్ళకి సుద్ద అంటుకునే ఉంది. నవ్వుతూ వచ్చాడు గానీ, గదిలో పలక మీద పరిచి ఉన్న ఆట కనపడగానే ఆ నవ్వు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదతనికి.

"కూర్చో," అన్నాడు అనాదినాథ్. "నల్లవి నీవి. ఎత్తు నీది. ఆడు."

ఉత్పల్ కూర్చున్నాడు. చెయ్యి చాపలేదు.

"ఆదివారం ఇక్కడ నువ్వు చాలాసేపు ఆలోచించావు. నీ గడియారంలో బోలెడంత సమయం ఉంది. బుగ్గన చెయ్యి పెట్టుకుని ఆలోచించి ఆలోచించి, ఆ మూల బంటు జరిపావు. ఆ గుర్రాన్ని చూడలేదా?"

"చూడలేదు డాక్టరుబాబూ."

"చూడలేదు."

"పొరపాటైంది. ఆ రోజు తలనొప్పిగా..."

"చూడలేదంటే నీకు చదరంగం రాదన్నమాట. చూశానంటే మర్యాద రాదన్నమాట. రెంటిలో నీకేది రాదో చెప్పు."

గుమ్మంలో నిలబడి వింటున్న కేతకి లోపలికి వచ్చింది. "చెప్పు ఉత్పల్. నాకూ తెలియాలి."

ఉత్పల్ వేళ్ళకంటిన సుద్ద ప్యాంటుకి తుడుచుకున్నాడు. "చూశాను," అన్నాడు నెమ్మదిగా.

బయట రిక్షా బెల్లు మోగించుకుంటూ పోయింది.

"ఎందుకు చేశావు? పిల్లనిస్తున్నానని కట్నంగా ఇచ్చావా నాకు?"

"కాదు."

"ముసలాడు ఈ ఒక్కసారికి సంతోషపడితే పోయేదేముంది అనుకున్నావా?"

"కాదు డాక్టరుబాబూ."

"మరి?"

ఉత్పల్ తల దించుకున్నాడు. ఎంత అడిగినా ఇక నోరు విప్పేలా లేడు. అనాదినాథ్ లేచి నిలబడ్డాడు. "అయితే విను. సాయంత్రం క్లబ్బుకి వెళ్ళి కప్పు నిమాయ్ ముందు పెడతాను. ఆట అమ్ముడుపోయిందని చెప్తాను. పెళ్ళి మాట ఇక ఎత్తొద్దు."

"నేనడిగాను."

అందరూ తిరిగి చూశారు. మరమరాల గిన్నె పట్టుకుని సుప్రభ గుమ్మంలో ఉంది. ఆవనూనె ఘాటు ఆమెకంటే ముందే గదిలోకి వచ్చింది.

"ఏమిటీ?"

"ఓడిపొమ్మని ఆ అబ్బాయిని నేనే అడిగాను. రేవు దగ్గర కనిపిస్తే. 'ఆఖరి రోజు మీ ఇద్దరికీ పడితే ఆయన్ని గెలవనివ్వు బాబూ' అన్నాను. వద్దు మాసీమా అని ఎంతో చెప్పాడు. చెయ్యి పట్టుకున్నాను. ఇంకేమంటాడు."

అనాదినాథ్ భార్య వైపు కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "క్లబ్బు గుమ్మం ఒక్కనాడు తొక్కనిదానివి. ఏ పావు ఎటు నడుస్తుందో తెలియనిదానివి. నా మీద నీకంత జాలేమిటి?"

"జాలి కాదు."

"మరేమిటి?"

"మీరు మాటిచ్చారు. పోయినేడు మొదటి రోజే ఓడి వచ్చి, ఇంకొక్కసారి కప్పు కొట్టి క్లబ్బు మెట్లు దిగిపోతానన్నారు. గెలిస్తే మానేస్తానన్నారు. ఓడితే మానేస్తానని మాత్రం అనలేదు." సుప్రభ గిన్నె బల్ల మీద పెట్టింది. "ఓడితే ఇంకో ఏడు. మళ్ళీ ఓడితే మరో ఏడు. ఎన్నేళ్ళని కాచుకోను? గెలిచేస్తే అయిపోతుంది కదా అనుకున్నాను."

"అంటే ఓడతానని ముందే తేల్చేశావు."

"మీరు తేల్చుకోలేదా? ఆదివారం పొద్దున్న అన్నం సగంలో వదిలేసి ఎందుకు లేచారు?"

అనాదినాథ్ కోపం ఇంకోవైపు తిరిగింది.

"మరి మిగతావో? నైహాటీలో కలకత్తా చాంపియన్ని కొట్టింది? వరదల ఏడు చుంచురాలో ఏనుగుని బలిచ్చి గెలిచింది? వాటికి కూడా ఎవరి చెయ్యో పట్టుకున్నావా?"

"లేదు. అవి మీరు గెలిచినవే. నాకు బాగా గుర్తున్నాయి."

"నీకేం గుర్తు? ఒక్కనాడు వచ్చి చూశావా?"

"ఎత్తులు గుర్తు లేవు. ఆ పూట నేనెక్కడున్నానో గుర్తుంది."

కేతకి తల్లి చెయ్యి పట్టుకోబోయింది. సుప్రభ విడిపించుకుంది.

"చుంచురా ఆట నాడు ఈ గదిలో ఉన్నాను. నీళ్ళు మంచం కోళ్ళ దాకా వచ్చాయి. మీ సీసాల పెట్టెలన్నీ అటక మీదికి ఎక్కించాను."

"నేనూ ఉన్నాను," అంది కేతకి మెల్లగా. "ఒక పెట్టె నీళ్ళలోకి జారిపోయింది. ఊరంతా తియ్యగా అయిపోతుందని నేను నవ్వాను. అమ్మ నా వీపు మీద కొట్టింది."

"నైహాటీ ఆట నాడు కట్వాలో మా పుట్టింట్లో ఉన్నాను," అంది సుప్రభ. "మా నాన్న పోయాడు."

"అది నాకు తెలియదా? కప్పుతో వచ్చేసరికి ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటివాళ్ళు చెప్పారు. ఆ రాత్రే బయల్దేరి వచ్చాను. నేను వెళ్ళాక కబురొచ్చిందని నువ్వే అన్నావు."

"అలాగే అన్నాను."

ఆమె గొంతులో ఏదో విని అనాదినాథ్ ఆగాడు.

"కబురు పొద్దున్నే వచ్చింది. మా ఊరి మనిషి పెరటి తలుపు దగ్గరికి వచ్చి చెప్పాడు. నూతి గట్టు మీద కూర్చోమన్నాను. నేను మీకు అన్నం వడ్డిస్తుంటే అతను పెరట్లోనే ఉన్నాడు. మీరు చేప ముల్లు తీసుకుంటూ, ఆ కలకత్తా వాడు మొదటి ఎత్తు ఏం వేస్తాడో చెప్తున్నారు. నేను ఊఁ కొడుతున్నాను."

ఉత్పల్ ఎక్కడికైనా మాయమైపోతే బాగుండునన్నట్టు కూర్చున్నాడు.

"ఎందుకు చెప్పలేదు?" అన్నాడు అనాదినాథ్.

"చెప్తే ఆట మానుకుంటారేమోనని భయం."

"అంతేనా?"

"చెప్పినా వెళ్తారేమోనని ఇంకా భయం."

అనాదినాథ్ నోరు తెరిచాడు. వెళ్ళేవాణ్ణి కాదు అనడానికే తెరిచాడు. భార్య ముఖం చూస్తూ ఆ మాట అనలేకపోయాడు. ఎందుకంటే అది నిజమో కాదో అతనికే తెలియలేదు.

బీరువా మీది కప్పు తీసి శాలువా కింద పెట్టుకుని బయటికి నడిచాడు. చెప్పులు మార్చుకోవడం కూడా మరిచిపోయాడు. కాళ్ళకి ఇంట్లో వేసుకునే రబ్బరు చెప్పులే ఉన్నాయి.

"ఆపు బాబాని," అంది కేతకి ఉత్పల్‌తో. "అక్కడ చెప్పేస్తే నిమాయ్ కాకా నీ కాగితం మీద సంతకం పెట్టరు. ఆ సంతకం లేకపోతే రైల్వేలో క్రీడాకారుల కోటా ఉద్యోగం రాదు. ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నావు."

"రాకపోతే పోనీ."

"పోనీయా? నీకొక్కడికేనా పోయేది?"

"మరేం చెయ్యమంటావు? ఆయన్ని అబద్ధమాడమననా?"

"ఆ రోజు రేవులో అమ్మ అడిగింది. నువ్వు సరేనన్నావు. ఇంటి నుంచి ఎక్స్ఛేంజికి నన్ను ఎన్నిసార్లు సైకిల్ మీద దింపావు ఈ మధ్య? ఒక్కసారి నాతో అనాలనిపించలేదా?"

"అంటే నువ్వు వద్దనేదానివి."

"అనేదాన్ని," అంది కేతకి. "అందుకే అడగాల్సింది."

అతను సైకిల్ తీశాడు. ఆమె వెనక ఎక్కలేదు. లోపలికి వెళ్ళి, మాడిన వంకాయ ముక్కల ముందు ఊరికే కూర్చున్న తల్లి భుజం మీద చెయ్యి వేసింది.

"లే అమ్మా. పద."

"ఎక్కడికి?"

"క్లబ్బుకి."

"నేనా? ఆడవాళ్ళెవరు వెళ్తారు అక్కడికి."

"రేవు దాకా వెళ్ళినదానివి. అది ఇంకో నాలుగు అడుగులే."

*

పొద్దు వాలుతోంది. క్లబ్బు గదిలో బీడీ పొగ, క్యారమ్స్ బల్ల మీద చల్లిన పిండి వాసన. గంగ మీంచి గాలి వచ్చినప్పుడల్లా గోడకున్న పాత చాంపియన్ల ఫొటోలు కదులుతున్నాయి.

అనాదినాథ్ కప్పు తెచ్చి నిమాయ్ ముందు పెట్టాడు. క్యారమ్స్ ఆడుతున్నవాళ్ళు స్ట్రైకర్ పట్టుకుని అలాగే ఉండిపోయారు.

"ఇది నాది కాదు," అన్నాడు.

నిమాయ్ లేచి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసి గొంతు తగ్గించాడు. "బుర్ర పాడుచేసుకోకు అనాదీ. నిన్న నేను నోరు జారాను. మహామహులకే కళ్ళు మూసుకుపోతాయి. వాడికీ మూసుకుపోయాయి. 'వాడు చూడలేదు' అని ఒక్క మాట అను. నేను నమ్ముతాను. అందరం నమ్ముతాం."

"నువ్వు నమ్మవు."

"నమ్మకపోయినా రాస్తాను. రాసేది నేనే కదా."

గుమ్మంలో సైకిల్ ఆనించిన చప్పుడైంది. ఉత్పల్ లోపలికి వచ్చి గోడవారగా నిలబడ్డాడు. అనాదినాథ్ అతన్ని చూశాడు. ఆ కుర్రాడి మోచేతి దగ్గర చొక్కా చిరిగి కుట్టేసి ఉంది. ఇంతకాలం అది కంటపడలేదు. ఎప్పుడూ అతని చేతి కింద ఉన్న పావులే చూశాడు.

దారి పొడుగునా అనాదినాథ్ సిద్ధం చేసుకున్న మాటలు వేరు. ఆట అమ్ముడుపోయింది, నా పేరు కొట్టెయ్యి, వాడి పేరు కొట్టెయ్యి, అనుకుంటూ వచ్చాడు. తీరా నోరు తెరిచేసరికి ఇంకో మాట వచ్చింది.

"ఆ గుర్రాన్ని వాడు చూశాడు నిమాయ్. చూసి వదిలేశాడు. వదిలెయ్యమని నేనే అడిగాను."

నిమాయ్ చెయ్యి భుజం మీంచి జారిపోయింది. "నువ్వా?"

"నేనే. నా ఇంటి అల్లుడు కాబోతున్నవాడు. నేనడిగితే కాదంటాడా? తప్పు నాది. నా పేరు క్లబ్బులోంచి తీసెయ్. వాడి జోలికి వెళ్ళకు."

"డాక్టరుబాబూ," అని ఉత్పల్ ముందుకు వచ్చాడు.

"నువ్వు మాట్లాడకు."

క్యారమ్స్ బల్ల దగ్గర ఎవరో నాలిక చప్పరించారు. ముప్పై ఏళ్ళుగా ఓడినా గెలిచినా ఎదుటివాడితో చెయ్యి కలిపి మరీ లేచే మనిషి ఇలా చేశాడా అని. నిమాయ్ కుర్చీలో కూలబడ్డాడు.

"అబద్ధం."

ఆ గొంతు ఆ గదిలో ఎవరూ ఎన్నడూ విన్నది కాదు. సుప్రభ తల మీద కొంగు సర్దుకుంటూ గుమ్మం దాటి వచ్చింది. వెనక కేతకి ఉంది. బీడీలు కాలుస్తున్నవాళ్ళు గబగబా ఆర్పేశారు.

"రండి వదినా, కూర్చోండి," అంటూ నిమాయ్ లేచాడు. ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియక ఒక కుర్చీ జరిపి, మళ్ళీ ఇంకోటి జరిపాడు.

"ఈయన చెప్పింది అబద్ధం," అంది సుప్రభ. "ఈయన ఎవర్నీ ఏదీ అడగరు. కాపురానికి వచ్చినప్పటి నుంచీ చూస్తున్నాను. వడ్డించమని కూడా అడగరు. ఆ అబ్బాయిని అడిగింది నేను. పేరు కొట్టెయ్యాలంటే నాది కొట్టెయ్యండి."

"మీ పేరు మా క్లబ్బులో ఎక్కడుంది వదినా."

"లేదు కదా. అందుకే ఇంతదాకా వచ్చింది."

నిమాయ్ తల పట్టుకున్నాడు. "మీరంతా కలిసి నన్ను చంపుతున్నారు. ఒకరేమో నేను చేశానంటారు, ఇంకొకరు నేనంటారు. ఎవరు చేసినా, విన్నాక నేను కళ్ళు మూసుకోలేను. నియమం ఒకటుంది."

"ఆ నియమం ప్రకారం ఏమవుతుంది?" అని అడిగింది సుప్రభ.

"కప్పు పోతుంది. కుర్రాడికి నా సంతకం పోతుంది. సంతకంతోపాటు ఉద్యోగమూ పోతుంది."

"ఆ ఆట అసలు జరగలేదనుకుని, వీళ్ళిద్దరితో మళ్ళీ ఆడించడానికి నియమం లేదా?"

"లేదు."

"ఉన్నదాని కంటే ఆ లేనిదే నయంగా ఉంది కదా."

క్యారమ్స్ బల్ల దగ్గర ఎవరో పకాలున నవ్వి ఆపుకున్నారు. నిమాయ్ మాత్రం నవ్వలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు.

"అందరి ముందూ ఆడాలి," అన్నాడు చివరికి. "తలుపులు బార్లా తీసి. చుట్టుపక్కల క్లబ్బులవాళ్ళని కూడా పిలుస్తాను. ఎందుకు మళ్ళీ ఆడుతున్నారో ఇద్దరూ ముందే నోటితో చెప్పాలి. అప్పుడు, నేను ఎవరికి జవాబు చెప్పుకోవాలో వాళ్ళకి చెప్పుకుంటాను. సంతకం సంగతి ఆట అయ్యాక చూస్తాను. పెడతానని ఇప్పుడే మాటివ్వలేను."

"చెప్తాను," అన్నాడు ఉత్పల్ వెంటనే.

కేతకి అతని వైపు చూడకుండానే అడిగింది. "ఈసారి నిజంగా బాబా గెలిస్తే?"

ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. గెలిచినా ఊళ్ళో నమ్మేవాడు ఉండడు. ఒకసారి ఇచ్చినవాడు మళ్ళీ ఇచ్చాడంటారు. అప్పుడు సంతకమూ ఉండదు, పరువూ ఉండదు.

"నేను ఓడను," అన్నాడు ఉత్పల్.

అనాదినాథ్ తల ఎత్తాడు. "ఏమన్నావు?"

"ఓడనన్నాను డాక్టరుబాబూ. ఆదివారం కూడా ఓడేవాణ్ణి కాదు. సగం ఆటకే మీ పని అయిపోయింది. ఆ గుర్రం ఒక్కటే కాదు, అంతకుముందు ఇంకో రెండు వదిలేశాను."

కేతకి చప్పున ఉత్పల్ వైపు తిరిగింది. ఇప్పుడే ఈ మాటలు అనాలా? తండ్రి ముఖం కందిపోవడం చూసింది. అంతలో ఆయన నవ్వాడు. నిన్నటి నుంచి ఇదే మొదటి నవ్వు.

"ఇంకో రెండా? ఏవి? ఎక్కడ?"

పక్క బల్ల మీది పలక తనవైపు లాక్కున్నాడు. అప్పుడే పావులు పేర్చడం మొదలుపెట్టాడు. "ఏనుగు ఇక్కడున్నప్పుడేనా? చెప్పకు, చెప్పకు. నేనే చూస్తాను. సరే, చూసుకుందాం. వచ్చే ఆదివారమేగా నిమాయ్? తెల్లవి ఈసారి వాడికి. నల్లవాటితో ఏం చెయ్యాలో నాకు తెలుసు."

రబ్బరు చెప్పులు వదిలేసి ఒక కాలు కుర్చీ మీదికి మడిచాడు. శాలువా నేల జారింది. తీసుకోలేదు. ఆకలి, అలక, అవమానం, ఏవీ ఆ ముఖంలో లేవు.

సుప్రభ ఆ ముఖాన్నే చూస్తోంది. ఆమెకు బాగా తెలిసిన ముఖం అది. చేప ముల్లు తీసుకుంటూ కలకత్తా చాంపియన్ మొదటి ఎత్తు గురించి చెప్పిన ముఖం. ఏది మాన్పించాలని పరాయి పిల్లవాడి చెయ్యి పట్టుకుందో, దాన్ని ఇప్పుడు తన నోటితోనే మళ్ళీ మొదలుపెట్టించింది.

"మానేస్తానన్న మాటో?" అంది.

"అది గెలిస్తే కదా," అన్నాడు అనాదినాథ్ తల ఎత్తకుండా. "ఇంకా ఎక్కడ గెలిచాను?"

ఆ మాట అన్నాక అతని చెయ్యి ఆగింది. తను ఎవరితో అన్నాడో అప్పుడు వినిపించినట్టుంది. మెల్లగా తల తిప్పి భార్యని చూశాడు. ఆమె తలుపు దగ్గరే నిలబడి ఉంది. నిమాయ్ జరిపిన రెండు కుర్చీల్లో దేంట్లోనూ కూర్చోలేదు. అంతదూరం గబగబా నడిచి రావడం వల్ల ఇంకా రొప్పుతూనే ఉంది.

"సుప్రభా," అన్నాడు. పదిమందిలో భార్యని పేరు పెట్టి పిలవడం అతనికి అలవాటు లేదు. "ఆదివారం నువ్వూ వస్తావా?"

క్యారమ్స్ బల్ల దగ్గరివాళ్ళు కిటికీలోంచి గంగ వైపు చూస్తున్నట్టు నటించారు.

"వస్తాను," అంది సుప్రభ. "ఏ వైపు కూర్చోమంటారు?"

అనాదినాథ్ ఉత్పల్ వైపు చూశాడు. కూతురి వైపు చూశాడు. పావులు సగమే పేర్చిన పలక వైపు చూశాడు. చేతిలోని నల్లరాజుని ఏ గడిలోనూ పెట్టలేకపోయాడు.